చేతుల కింద

షారోన్‌కు రెండు చోట్ల సీటు వచ్చిందని తెలిసిన రోజు కుందలహళ్ళిలో వాళ్ళ తెలుగు చర్చి సంఘమంతా సంబరపడింది. ఒకటి ఉత్తరాదిన కొండ మీద, దేవదారు చెట్ల మధ్య ఉన్న పాత విశ్వవిద్యాలయం. అక్కడ పెద్ద టెలిస్కోపు ఉంది, భౌతికశాస్త్రానికి దాన్ని మించింది లేదంటారు. రెండోది మహానగరం నడిబొడ్డున ఉంది. ఎకనామిక్స్‌కు పెట్టింది పేరు, చదువు పూర్తి కాకముందే కంపెనీలు వచ్చి పిల్లల్ని ఎగరేసుకుపోతాయి. ఇంట్లో వాటికి కొండది, సిటీది అని పేర్లు పడ్డాయి.

పిల్లకు రెండూ కావాలి, చిక్కంతా అదే. పొద్దున కొండది, సాయంత్రానికి సిటీది. తల్లి జెస్సీకి మాత్రం ఆ ఊగిసలాట లేదు. ఆమె మహదేవపుర ఆసుపత్రిలో నర్సు.

"ఆ కొండ మీద తెలుగు చర్చి కాదు కదా, తెలుగు మాట కూడా వినపడదు. జ్వరమొస్తే ఎవరు చూస్తారే?" అనేది.

తండ్రి స్టాన్లీ లెక్కల మాస్టారు, సంఘ పెద్ద. ఆయన తేల్చేశాడు: "ప్రార్థనలో పెడదాం."

ప్రార్థనలో పెట్టారంటే ఇక ఆ సంగతి మనుషుల చేతుల్లో లేనట్టే. కొండవాళ్ళు మాత్రం శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా ఆన్‌లైన్‌లో ఒప్పుకోమన్నారు. సిటీవాళ్ళకు ఇంకో వారం గడువుంది.

"ముందు కొండదానికి ఓకే కొట్టేస్తాను డాడీ. కాదనుకుంటే తర్వాత మానేస్తాను."

"వస్తానని చెప్పి మానేస్తే అబద్ధమే కదమ్మా. శుక్రవారం ఉపవాస ప్రార్థన కూడిక మనింట్లోనేగా. మూడింటికల్లా అయిపోద్ది. ఈలోపు జవాబు వస్తుందిలే."

అంత నిజాయితీపరుడితో వాదించడం ఎవరి తరం? పైగా, ఉన్నమాట చెప్పాలంటే, నిర్ణయం తన నెత్తిన లేనందుకు షారోన్‌కు లోలోపల హాయిగానే ఉంది.

శుక్రవారం హొసకోటె నుంచి రావలసిన రూతమ్మ ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. ఆ పెద్దావిడ ప్రార్థన చేయనిదే ఆ సంఘంలో ఏ కూడికా ముగియదు. వచ్చేసరికి నాలుగు దాటింది. కూడిక అయ్యేదాకా ఎవరూ ముట్టుకోకూడదని ఫోన్లన్నీ గుమ్మం దగ్గర స్టీలు డబ్బాలో వేసి మూత పెట్టడం వాళ్ళ ఆనవాయితీ. షారోన్ ఫోనూ అందులోనే ఉంది.

"దేవుడుండాడు కదప్పా! నేను లేటైతే ఆయనా లేటవుతాడా?" అంటూ రూతమ్మ షారోన్‌ని మధ్యలో మోకరింపజేసి, తల మీద చెయ్యి పెట్టింది. మిగతావాళ్ళూ వచ్చి తలా ఒక చెయ్యి వేశారు.

ప్రార్థన హొసకోటె లారీ డ్రైవర్లను చుట్టబెట్టి, సంఘంలోని మోకాళ్ళ నొప్పులన్నిటినీ పలకరించి, తీరిగ్గా షారోన్ దగ్గరికి వచ్చింది. అప్పటికి గోడ గడియారంలో ఐదు కావస్తోంది.

అప్పుడు తెలిసింది షారోన్‌కు. ఏ దర్శనమూ లేదు, ఏ స్వరమూ వినపడలేదు. ఇంకాసేపట్లో కొండది పోతుందనుకోగానే లేచి గుమ్మం దగ్గరి డబ్బా వైపు పరిగెత్తాలనిపించింది, అంతే. సిటీది పోతుందనుకున్నప్పుడు ఒక్కసారి కూడా అలా అనిపించలేదు. తనకు కావలసింది కొండదే. ఇన్నాళ్ళూ ఇది ఎందుకు తెలియలేదో!

లేవబోయింది. చేతులు ఇంకాస్త గట్టిగా నొక్కాయి. "అమ్మమ్మా, ఒక్క నిమిషం" అనబోతే మాటకు బదులు వెక్కి వెక్కి ఏడుపొచ్చింది.

"పరిశుద్ధాత్మ పనిచేస్తా ఉండాది! వదలొద్దండప్పా!" అని రూతమ్మ కేక పెట్టింది. అందరి గొంతులూ ఒక్కసారిగా లేచాయి.

చేతుల సందులోంచి అమ్మ కనిపించింది. జెస్సీ కళ్ళు తెరిచి గడియారం చూసింది. కూతురి ముఖం చూసింది. మళ్ళీ కళ్ళు మూసుకుంది.

ఆమెన్ అనేసరికి ఐదు దాటిపోయింది. డబ్బాలోంచి ఫోన్ తీసి చూస్తే గడువు ముగిసిందని ఉంది. స్టాన్లీ గాభరాపడి ఫోన్లు చేశాడు, బతిమాలుతూ మెయిల్ రాశాడు. సీటు వెయిటింగ్‌లో ఉన్న ఇంకొకరికి వెళ్ళిందని మర్నాడు మర్యాదగా జవాబొచ్చింది. ఆయన ముఖం పాలిపోయింది. ఆఖరికి ఫోన్ పక్కన పెట్టి, "తలుపు ఆయనే మూశాడమ్మా. ఇదే జవాబనుకో" అన్నాడు. అలా అనుకోకపోతే ఆ మనిషికి ఇక నిద్ర పట్టదు, పాపం.

ఆదివారం ఆరాధనలో దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పమని షారోన్ చేతికి మైకు ఇచ్చారు.

"దేవుడు నాకు జవాబిచ్చాడు" అంది. అది నిజమే. ఆ జవాబేమిటో, ఎప్పుడు వచ్చిందో చెప్పడానికి ఊపిరి తీసుకుంది. ఆలోపే "స్తోత్రం! స్తోత్రం!" అంటూ చప్పట్లతో చర్చి హోరెత్తింది. మైకు ఇంకొకరి చేతికి వెళ్ళిపోయింది.

అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది జెస్సీ. వచ్చి పక్కన కూర్చున్న కూతురి తల మీద చెయ్యి వేసి మెల్లగా నిమిరింది. షారోన్ కదలకుండా కూర్చుంది.