మా ఆయన లివరు, శౌరయ్య కుట్లు

మా ఆయన బంగార్రాజు గారి పెద్దపేగులో క్యాన్సర్ గడ్డ తీసేసేనాటికి ఆయన తూకం తొంభై ఎనిమిది కిలోలు. కైకలూరు దగ్గర చేపల చెరువులున్న మనిషి. పొట్టను కూడా ఆస్తిలోనే జమకట్టుకునేవారు.

విజయవాడ డాక్టరుగారు విడమరిచి చెప్పారు. "కొవ్వెక్కువైతే ఇన్సులిన్, కణాల్ని పెంచే హార్మోన్లు ఒంట్లో ఎక్కువ తిరుగుతాయండి. గడ్డ నుంచి తప్పించుకున్న కణం ఏదైనా లివర్లో దిగితే, దాన్ని మేపేది అవే కావచ్చు. ఆర్నెల్లకి స్కాను. ఈలోగా మెల్లగా బరువు తగ్గండి."

"అంటే మేత ఎక్కువైతే మనం వదలని చేప కూడా బలుస్తుందన్నమాట," అన్నారీయన. డాక్టరుగారికి చెరువుల సంగతి తెలీకపోయినా తలూపారు.

మెతుకులు లెక్కపెట్టి పెట్టాను. రెండు నెలలకి చొక్కా చిలక్కొయ్యకి తగిలించినట్టు వేలాడింది. అంతే, చుట్టాలు దిగారు. మా వైపు మనిషి సన్నబడ్డాడంటే పోతున్నాడనే. పోయేవాడికి కడుపునిండా పెట్టి పంపడం మర్యాద.

ఈయన అక్కగారు గంగారత్నం వదిన చొక్కా గుప్పిట పట్టుకుని ఏడ్చారు. "కాలేజీ చదువులు చదివి మా తమ్ముణ్ణి ఎండబెడుతున్నావే! ఎండుచేపకైనా ఇంతకంటే కండుంటుంది."

ఏడుస్తూనే సున్నుండలు నోట్లో పెట్టారు. అక్క మాట జవదాటని తమ్ముడు, ఆరు తిన్నారు.

మర్నాడు ఈయనకి తెలీకుండా చొక్కాలన్నీ టైలర్ శౌరయ్య దగ్గరికి మోశాను. "ఒంటికి పట్టేసినట్టు కుట్టు. బొత్తాలు ఊడొస్తాయేమో అనిపించాలి."

"అందరూ లూజు చెయ్యమంటారు, మీరేంటమ్మా!"

"లివరు కోసం."

అతను మెళ్లో టేపు తీసి చొక్కాల మీద పరిచాడు.

మందు పారింది. "హమ్మయ్య, తేరుకున్నాడు," అని వదినగారు ఉత్త చేతుల్తో రావడం మొదలెట్టారు.

ఓ రోజు ఈయన పుల్కాల కంచం తోసేశారు. "నాలుగు నెలలు కడుపు మాడ్చావు. చొక్కా చూడు, వదులైంది కాస్తా మళ్లీ బిగిసిపోయింది! ఇంక నావల్ల కాదు సుధా. ఆ వచ్చేదేదో తిన్నాకే రానీ."

ఇది నేననుకోని ముక్క. చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి రైల్వే స్టేషన్లో తూకం మిషనెక్కించాను. అట్టముక్క రాలింది. ఎనభై నాలుగు.

"మిషను పాడైంది."

నేనెక్కాను. నా విషయంలో మాత్రం నిజమే చెప్పింది, ఖర్మ. శౌరయ్య సంగతి ఒప్పేసుకున్నాను. ప్లాట్‌ఫారమంతా తిరిగి చూసేలా తిట్టారు. తర్వాత నవ్వొచ్చి పొట్ట పట్టుకోబోయారు. చేతికి దొరకలేదు.

స్కానులో లివరు శుభ్రంగా ఉంది. "ఇప్పటికి," అన్నారు డాక్టరుగారు. "మళ్లీ ఆర్నెల్లకి. ఒళ్లు మాత్రం పెంచకండి."

కబురు తెలిసి వదినగారు ఫోన్ చేశారు. రేపొస్తారట, తమ్ముణ్ణి కళ్లారా చూడ్డానికి.

ఈయన ఫోన్ పెట్టేసి, బీరువాలోంచి నాలుగు చొక్కాలు చంకన పెట్టుకున్నారు.

"శౌరయ్య కొట్టు మూసేస్తాడేమో, ఇప్పుడే వస్తాను."