మేకల పెద్దమ్మ ఇంటి వసారా

తెల్లారితే చాలు, అక్కడ మట్టి తొక్కే చప్పుడు మొదలవుతుంది. పట్నాలు వదిలొచ్చిన పదమూడు కుటుంబాలు బీడు భూమిని బాగుచేసుకుని, ఎవరిల్లు వాళ్లే కట్టుకుని, ఎవరి కూరగాయలు వాళ్లే పండించుకుంటున్న చోటది. ఒకరింట్లో పాలుంటాయి, ఒకరింట్లో తేనె, ఒకరింట్లో గుడ్లు. సలహాలు మాత్రం మేస్త్రి ఇంట్లో ఉంటాయి, అడక్కపోయినా పంచుతాడు.

పద్నాలుగో కుటుంబం అత్తాకోడళ్లు. కోడలు దర్జీ. అత్త కొడుకు పోయి నాలుగేళ్లయినా వాళ్లిద్దరూ విడిపోలేదు. విడిపోతే ఎవరితో పోట్లాడాలి మరి? పట్నంలో వాళ్లది మూడో అంతస్తులో ఒంటిగది. మోకాళ్లు మొరాయించి ఆ పెద్దావిడ ఏడాదిపాటు మెట్లు దిగలేదు, వీధి మొహం కిటికీలోంచే చూసింది. ఇక్కడికొచ్చిన మొదటి రోజు నేలమీద పదడుగులు వేసి, "మట్టి గుచ్చుకుంటోంది" అని సణిగింది. సణుగుతూనే సాయంత్రం దాకా నడిచింది. అది చూసే కోడలు ఏమైనా సరే ఇక్కడే ఉండాలనుకుంది.

ఉండాలంటే ఒక కట్టుబాటుంది. తొలి వాన పడేసరికి ఇల్లు లేవాలి. ఆ వానలోనే మేస్త్రి వచ్చి నాలుగు గోడల మధ్య నిలబడి అరచెయ్యి చాపుతాడు. చెయ్యి పొడిగా ఉంటే స్థలం వాళ్లది, తడిస్తే మూటాముల్లె సర్దుకోవాల్సిందే. కఠినమేనంటారా? కఠినమే. స్థలం తీసుకుని పత్తా లేకుండా పోయినవాళ్లని ముగ్గుర్ని చూశాక పెట్టుకున్నారు పాపం.

మట్టిగోడకి తొందర పనికిరాదు. మూరెడెత్తు వరస వేసి, మూడు రోజులు ఆరనిచ్చి, ఆ తర్వాతే పై వరస వెయ్యాలి. కానీ దర్జీకి జీవితమంతా "రేపటికల్లా కావాలి" అన్నవాళ్లే తగిలారు. అలవాటు ఊరుకుంటుందా? ఒకేరోజు రెండు వరసలు వేసేసి మురిసిపోయింది. తెల్లారేసరికి తూర్పు గోడ కడుపు ముందుకు తోసుకుని నిలబడింది, మధ్యాహ్నానికి కూలబడింది.

"ఇల్లు కట్టి చూడమన్నారు గానీ, నీలాంటి కోడలితో కట్టి చూడమనలేదే ఎవరూ" అంది అత్త.

"మీరు తొందరపడొద్దని నిన్ననే అనుంటే ఆగేదాన్ని కదా అత్తయ్యా."

"నిన్న అన్నాను. నువ్వు పాట పాడుకుంటున్నావు."

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఆ నవ్వు కిందున్న మళ్లదాకా వినబడింది. కానీ గోడతోపాటు పన్నెండు రోజులు పోయాయి, అవి మళ్లీ రావు.

ఆ నవ్వు విన్నవాటిలో మేకల పెద్దమ్మ ఇల్లొకటి. ఆ ఇల్లు నడుస్తుంది. పెద్దమ్మ మధ్యాహ్నం కునుకు తీసినప్పుడు మూరెడో బెత్తెడో జరుగుతుంది, ఎటు మాటలు వినబడితే అటు. అందుకే ఎవరూ బట్టలారేసే తాడు ఆ ఇంటికి కట్టరు, దాని దారిలో వంగ నారు వెయ్యరు. ఈ నెలంతా అది గట్టుమీదున్న అత్తాకోడళ్ల స్థలం వైపే వస్తోంది.

"బావి దూరమైపోతోందమ్మా, బిందె మోయలేక చస్తున్నాను" అంది పెద్దమ్మ ఒకరోజు పాలు పోస్తూ. "మీరిద్దరూ కాస్త మెల్లిగా పోట్లాడుకోకూడదూ?"

"మెల్లిగా అంటే ఈవిడకి వినబడదు పెద్దమ్మా" అంది కోడలు.

కోడలు మళ్లీ గోడ పెట్టింది. ఈసారి బుద్ధిగా ఆరనిచ్చింది. నాలుగు గోడలూ భుజాలెత్తు లేచాయి, కూర్చునే జరుగుతూ అత్త లోపలి నేలంతా అలికింది. ఇక దూలం ఎత్తి, వాసాలు పరిచి, గడ్డి కప్పితే అయిపోతుంది. వారం రోజుల పని.

వానకి ఆ వారం ఆగే ఓపిక లేదు. మర్నాడు మధ్యాహ్నమే పడమట నల్లగా కమ్ముకుంది. దూలం ఇంకా నేలమీదే ఉంది. కోడలు దాని ఒక కొస ఎత్తింది, రెండో కొస ఎత్తడానికి అత్త వంగింది. ఇద్దరి వల్లా కాలేదు. కోడలు అక్కడే చతికిలబడి ఏడ్చింది. దాచుకోకుండా, చిన్నపిల్లలా ఏడ్చింది.

"ఊరుకోవే. మూడో అంతస్తైతే ఏం, గాలి బాగా వస్తుంది" అంది అత్త. అబద్ధమాడుతూనే కోడలి మొహం చెంగుతో తుడిచింది.

మేస్త్రి గొడుగేసుకుని బయల్దేరాడు. అడుగు ముందుకి పడటంలేదు. ఈ రెండు నెలల్లో ఆ పెద్దావిడ చేత తిట్లు తినని రోజు ఆయనకి అన్నం సయించేది కాదు.

తొలి చినుకు ఆయన గొడుగు మీద టప్పున పడేసరికి, పక్కనుంచి ఏదో వేగంగా దాటిపోయింది. పెద్దమ్మ ఇల్లు! ఆరోజు అది పెద్దమ్మ కునుకు కోసం ఆగలేదు, మూర లెక్కా వదిలేసింది. బురదలో నడిచే పెద్దావిడ బట్టలెత్తి పట్టుకున్నట్టు వసారా స్తంభాలు పైకెత్తుకుని గట్టెక్కింది. మొండిగోడల దగ్గర ఆగి, ఒక్కో స్తంభాన్నీ జాగ్రత్తగా గోడ దాటించి అవతల ఆనించింది. పెంకుల వసారా ఆ నాలుగు గోడల మీదికీ సరిగ్గా వచ్చి కూర్చుంది. వాన కుండపోతగా పట్టుకుంది.

మేస్త్రి లోపలికొచ్చాడు. గొడుగు మడిచాడు. మధ్యలో నిలబడి అరచెయ్యి చాపి, చాలాసేపు అలాగే ఉంచాడు. తర్వాత ఆ చెయ్యి కోడలికి చూపించాడు.

"పొడిగానే ఉందమ్మా."

"కప్పు మాది కాదు కదండీ" అంది కోడలు. మంచిపిల్ల, అబద్ధం చేతకాదు.

"చెయ్యి తడవకూడదనే ఉంది కట్టుబాటులో. కప్పు ఎవరిదని లేదు. ఆ కట్టుబాటు పెట్టినవాణ్ణి, నాకు తెలీదా? మీ కప్పు మీరు వానలు తగ్గాక తీరిగ్గా వేసుకోండి. పిన్నిగారూ, స్థలం మీదే."

అత్త గోడని అరచేత్తో మెల్లిగా నిమిరింది.

అంతలో మేకల పెద్దమ్మ, నిలువునా తడిసి, మేకల్ని తోలుకుంటూ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. తన వసారా చూసింది, దానికింద వీళ్ల గోడలు చూసింది. తలుపు పెట్టాల్సిన సందు దగ్గర ఆగిపోయింది.

"లోపలికి రావచ్చా అమ్మా?" అనడిగింది.

కోడలు నోరు తెరిచేలోపే అత్త గొంతు సవరించుకుంది.

"వచ్చేయ్ వదినా. కాళ్లు మాత్రం తుడుచుకో, మా ఇల్లు నిన్ననే అలికాం."