రెండు రెక్కల కిటికీ

శనివారం వచ్చిందంటే హీనెక్ వచ్చేవాడు. గుమ్మం దగ్గర బూట్లు విప్పి, పక్కనే ఉన్న తన ఇంటిచెప్పుల్లో కాళ్ళు దూర్చి, "వ్లాస్తా, నీళ్ళు కాగాయా?" అంటూ వంటింట్లోకి నడిచేవాడు. ఆ చెప్పులు కొత్త సంవత్సరం వెళ్ళిన మర్నాడు అక్కడికొచ్చి, అలాగే ఉండిపోయాయి. చెక్ దేశంలో ఒక మగవాడి ఇంటిచెప్పులు ఒక ఆడదాని గుమ్మంలో ఉండిపోతే ఇక ఇరుగుపొరుగులు ఏమీ అడగరు. తెలిసిపోయిందన్నట్టు నమస్కారం పెట్టి మెట్లెక్కిపోతారు.

వ్లాస్తా గ్లాసుల్లో కాఫీపొడి వేసి మరుగుతున్న నీళ్ళు పోసేది. పొడి అడుక్కి దిగేదాకా ఆగాలి. ఆ కాసేపట్లో హీనెక్ బల్ల మీద పటం పరిచేవాడు, రైళ్ళ పుస్తకం తెరిచేవాడు, కళ్ళజోడు చొక్కా అంచుతో తుడుచుకునేవాడు. "సరే, ఎక్కామనుకో" అనేవాడు. ఆ మాట అనగానే వంటింటి కిటికీ చిన్నగా కుదుపిచ్చి బయల్దేరేది.

మామూలప్పుడు ఆ కిటికీలోంచి కనిపించేది చెస్కా త్రెబోవా ఊరి రైలు షెడ్డు, దాని వెనక తుప్పుపట్టిన గూడ్సు బోగీలు. అంతే. కానీ బల్ల దగ్గర ప్రయాణం మాటలు మొదలయ్యాయంటే, నోట ఏ ఊరి పేరు వస్తే కిటికీ ఆ ఊరి దారి పట్టేది. ద్రాక్షతోటలు వెనక్కి పోయేవి, సొరంగాలు వచ్చేవి, చిన్న చిన్న స్టేషన్లలో ఆగి మళ్ళీ కదిలేది. ఒకసారి ఏదో ఊళ్ళో ఆగినప్పుడు వ్లాస్తా చెయ్యి చాచి ప్లాట్‌ఫాం మీద ముసలమ్మ దగ్గర చెర్రీపళ్ళు కూడా కొనుక్కుంది.

పై అంతస్తు బ్లాహొవా గారికి ఇది బాగా కలిసొచ్చింది. శనివారం పూట తడిబట్టల బుట్ట చంకన పెట్టుకుని దిగేది.

"ఇవాళ ఎటు? కొండల మీదికేనా? మొన్న సొరంగాలున్న దారి పట్టించారు, దుప్పట్లన్నీ మసి. మా ఆయన వంటినిండా నల్లచారలు, జీబ్రాలా లేచాడు పొద్దున్నే."

"ఇవాళ ఎండ ఉన్న దారే, బ్లాహొవా గారూ. ఆరేసుకోండి," అనేది వ్లాస్తా.

"గట్టిగా కట్టు. పోయినసారి దిండుగలీబు సిగ్నల్ స్తంభానికి చిక్కుకుని పోయింది. ఆస్ట్రియా వాళ్ళు ఇచ్చేస్తారా ఇక!"

వ్లాస్తాకి యాభై దాటాయి. బడి వంటశాలలో పని. సోమవారం చారు, మంగళవారం ఉడికించిన పిండిముద్దలు, బుధవారం పప్పు, మళ్ళీ సోమవారం. ఆమె పెళ్ళాడింది రైలు నడిపేవాణ్ణి. దేశాలన్నీ తిరగొచ్చు కదా అని అప్పట్లో మనసులో అనుకుంది. డ్రైవరు భార్యకి రైలు ప్రయాణం ఉచితం కూడాను. పెళ్ళయ్యాక తెలిసింది, రోజంతా పట్టాల మీద ఉండేవాడికి సెలవు దొరికితే కదలని మంచం కావాలని. "మళ్ళీ రైలా? నాకు చేపలు పట్టుకోవాలనుంది," అనేవాడాయన. మంచివాడే. పోయి కొన్నేళ్ళయింది. ఆయన పోయిన దగ్గర్నుంచి వ్లాస్తా అరికాళ్ళు ఊరికే దురద పెట్టేవి. పొయ్యి దగ్గర నిలబడి కూడా ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ ఉండేది.

హీనెక్ కూడా మంచివాడే. అక్కడే ఉంది చిక్కు. భార్యకి ఏళ్ళ తరబడి జబ్బుచేసి, సేవచేసి, పోగొట్టుకున్నవాడు. ఊరి బయట ఆల్‌బుకారా చెట్ల మధ్య చిన్న ఇల్లు ఉంది. చలికాలంలో ఒక శనివారం, కాఫీపొడి దిగుతుండగా, "నా ఇంటికి వచ్చెయ్యి వ్లాస్తా, పెళ్ళి చేసుకుందాం," అన్నాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ, "ముందు ప్రయాణం ఏర్పాటు తేలనీ. తేలిన రోజున చెబుతాను," అంది. అలా అన్న రాత్రే అటక మీంచి చిన్న సూట్‌కేసు దించి, బట్టలు సర్ది, వంటింటి బల్ల కిందికి తోసింది. హీనెక్ అప్పట్నుంచి దాని మీదే కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాడు.

ప్రయాణం మాత్రం తేలలేదు. హీనెక్ ఏర్పాటు ఎప్పుడూ ఒకటే. స్లొవేనియాలో బ్లెడ్ అని సరస్సు ఒడ్డున ఊరు. అక్కడ ఒక గది. ఒకసారి పెట్టె విప్పితే మళ్ళీ కట్టే పని లేదు. పొద్దున్నే రైలెక్కి ఒకరోజు ఈ లోయకి, ఒకరోజు ఆ జలపాతానికి, ఒకరోజు ఆ కోట ఉన్న ఊరికి. పొద్దుగూకేసరికి మళ్ళీ అదే గది, అదే మంచం.

వెళ్ళేటప్పుడు బాగానే ఉండేది. హీనెక్ "ఇక తిరుగు రైలు" అన్నాడా, కిటికీ ఆగి, వెనక్కి మళ్ళేది. పొద్దున చూసిన చర్చే మళ్ళీ వచ్చేది. పొద్దున చూసిన ఆవే, ఈసారి తోక ఇటు తిప్పి. గానుగెద్దు తిరుగుడులా ఉండేది వ్లాస్తాకి. అలాంటప్పుడు ఆమె చేతులు ఊరుకునేవి కావు. ఇద్దరికి వంటైతే పదిమందికి సరిపడా బంగాళాదుంపలు చెక్కేసేది.

ఆ శనివారం హీనెక్ గడ్డం నున్నగా గీసుకుని వచ్చాడు.

"ఇవాళ తేల్చెయ్యాలి. బ్లెడ్‌లో ఇంటావిడ సాయంత్రం లోపల చెప్పమంది. లేకపోతే గది వేరేవాళ్ళకి ఇచ్చేస్తుందట," అన్నాడు. ఆ తర్వాత కాస్త సిగ్గుపడి, "అది తేలితే రెండోదీ తేలినట్టేగా," అన్నాడు.

ఆ పొద్దున్నే లేచి వ్లాస్తా మాంసం ముక్కలు రొట్టెపొడిలో పొర్లించి వేయించింది. ప్రయాణమంటే ఆ ముక్కలు, రొట్టె, ఉప్పునీటి దోసకాయ ఉండాల్సిందే. వంటింట్లో కూర్చుని చేసే ప్రయాణానికి కూడా ఆకలేస్తుంది. కాగితంలో చుట్టిన పొట్లం బల్ల చివర ఉంది, పొయ్యి మీద చారు మరుగుతోంది. ఆమె దుంపల గిన్నె ఒళ్ళో పెట్టుకుని కుడివైపు కూర్చుంది. హీనెక్ ఎడమవైపు.

"సరే, ఎక్కామనుకో."

కిటికీ కదిలింది. వియన్నా దాటింది, కొండలు ఎక్కింది. బ్లాహొవా గారు వచ్చి రెండు దుప్పట్లు ఎడమ రెక్కకి కట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇప్పుడు జాగ్రత్తగా విను," అన్నాడు హీనెక్. "విల్లాఖ్ జంక్షన్‌లో రైలు రెండు ముక్కలవుతుంది. ముందు బోగీలు ఇటలీకి, సముద్రం వైపు. వెనక బోగీలు మన బ్లెడ్ వైపు. మనం వెనకవాటిలో ఎక్కాలి. మా మేనమామ ఉన్నాడే, పేకాట కోసమని ముందు బోగీలోకి పోయాడు. మా అత్త సూట్‌కేసు కూడా ఆయన దగ్గరే. ఆవిడ సరస్సు దగ్గర దిగింది, ఆయన సముద్రం దగ్గర దిగాడు. వారానికి గానీ రాలేదు, ముక్కు మీద తోలంతా ఊడిపోయి."

"ఏమన్నాడు వచ్చి?" అంది వ్లాస్తా.

"ఏమంటాడు. నవ్వుతూనే ఉన్నాడు. మా అత్తకే ఒళ్ళు మండిపోయింది."

"ఆవిడ గౌన్లు ఆయన వేసుకున్నాడా ఏంటి వారం పాటు?" అంది బ్లాహొవా గారు.

ముగ్గురూ నవ్వారు. నవ్వుతుండగానే కిటికీ విల్లాఖ్‌లో ఆగింది. కిందెక్కడో ఇనుము మీద ఇనుము మోగింది. గ్లాసులు గలగలమన్నాయి. కదిలేసరికి ఎడమ రెక్క ఎడమకి పోయింది, కుడి రెక్క కుడికి పోయింది.

హీనెక్ వైపు రెక్కలో పచ్చటి కొండలు, వాటి మధ్య అద్దంలా సరస్సు. వ్లాస్తా వైపు రెక్కలో తెల్లటి రాళ్ళు, సొరంగం, ఇంకో సొరంగం, అది దాటగానే ఒక్కసారిగా ఎక్కడా అడ్డంలేని నీలం. అటునుంచి తడి చల్లదనం, ఇటునుంచి ఉప్పుగాలి వచ్చి బల్ల మీద కలుసుకున్నాయి. పటం లేచి టపటపా కొట్టుకుంది. రెండు రెక్కల మధ్య నిలువు కొయ్య కిర్రుమంది. పైనుంచి సున్నం రాలి కాఫీలో పడింది.

"నావి సరస్సు వైపు ఉన్నాయి, నయం," అంది బ్లాహొవా గారు. "ఉప్పుగాలికి దుప్పట్లు అట్టలైపోతాయి. కానీ అమ్మాయ్, ఇలా రెండు దార్లూ ఎంతసేపు లాగుతాయి? చట్రం విరుగుతుంది. చట్రం విరిగితే పైన నా ఇల్లు మీ చారులో పడుతుంది. ఏదో ఒకటి అనుకోండి."

"వెనక బోగీ అనే కదా అనుకున్నాం," అన్నాడు హీనెక్. అతను వ్లాస్తాని చూశాడు. "అనుకున్నాం కదా?"

వ్లాస్తా చేతిలో దుంప గోళీకాయంత అయిపోయింది. ఆమె ఇంకా చెక్కుతూనే ఉంది.

"ఒక్కసారి అటు పోదామా, హీనెక్? గది మాట్లాడొద్దు. ఎక్కడ పొద్దుగూకితే అక్కడ పడుకుందాం."

"మర్నాడు?"

"తర్వాతి ఊరు."

"ఆ మర్నాడు?"

"దాని తర్వాతది."

హీనెక్ నవ్వాడు. వేళాకోళంగా కాదు, పిల్లల్ని చూసి నవ్వినట్టు. "మరి ఇంటికెప్పుడొస్తాం?"

"రాకపోతే?"

ఆ మాట అన్నది తనేనని చెవిన పడ్డాక గానీ వ్లాస్తాకి తెలియలేదు. కొయ్య మళ్ళీ కిర్రుమంది. బ్లాహొవా గారు తన దుప్పట్ల ముడులు ఒకసారి లాగి చూసుకుంది.

హీనెక్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "నాకు తిరుగుళ్ళ మీద పెద్ద ఇదేం లేదు, వ్లాస్తా. నువ్వడిగావనే ఈ పుస్తకాలన్నీ. నాకు కావాల్సింది ఒక్కటే. పొద్దుగూకాక బయటినుంచి వస్తుంటే, కిటికీలో దీపం కనబడాలి. ఎవరో ఉన్నారని. చాలా ఏళ్ళు చీకటింట్లోకి తాళం తీసుకుని వెళ్ళాను."

"తెలుసు," అంది వ్లాస్తా. "కానీ హీనెక్, నేను ఇన్నేళ్ళూ చేసింది ఆ పనే. దీపం పెట్టుకుని కిటికీలో కూర్చోవడం. ఆయన వచ్చేవాడు, తినేవాడు, పడుకునేవాడు. రైలు ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో నాకు తెలిసేది కాదు."

అప్పుడు కుడి రెక్క నెమ్మదించి ఆగింది. చిన్న స్టేషను. గన్నేరు చెట్లు, ఒక బల్ల, దాని మీద నిద్రపోతున్న పిల్లి. ప్లాట్‌ఫాం సరిగ్గా కిటికీ గడప ఎత్తుకి ఉంది.

వ్లాస్తా దుంపల గిన్నె కింద పెట్టి లేచింది. బల్ల కింద చెయ్యి పెట్టింది. హీనెక్ సూట్‌కేసు మీంచి కాళ్ళు తీశాడు. ఆమె సూట్‌కేసు బయటికి తోసి, కుర్చీ ఎక్కి, పూలకుండీ పక్కకి జరిపి, ఒక కాలు గడప అవతల పెట్టింది. రెండో కాలు కూడా పెట్టింది. ఎండ మెడ మీద పడింది.

"అయ్యో, ఇంటిచెప్పులతో దిగిందండీ!" అని అరిచింది బ్లాహొవా గారు.

హీనెక్ గుమ్మం దగ్గరికి పరుగెత్తాడు. ఆమె బూట్లు పట్టుకొచ్చి కిటికీలోంచి విసిరాడు. ఒకటి ఆమె కాళ్ళ దగ్గర పడింది, ఇంకోటి గన్నేరు మొదట్లో. పిల్లి లేచి విసుక్కుని పోయింది. తర్వాత బల్ల చివరనుంచి కాగితం పొట్లం తీసి, వంగి, ఆమె చేతికే అందించాడు. వాళ్ళ వేళ్ళు తగిలాయి. అతని ఒక కాలు కుర్చీ మీదికి వచ్చింది. ఇంటిచెప్పు మడమ దగ్గర జారి వేలాడింది. వ్లాస్తా ఆ చెప్పునే చూస్తూ నిలబడింది.

అది మళ్ళీ నేల మీదికి దిగింది. ఈల మోగింది.

వంటిల్లు కదిలింది. పూలకుండీ, గళ్ళ తెర, గోడ మీద గరిటెలు, ఒళ్ళో బుట్ట పెట్టుకున్న బ్లాహొవా గారు, అన్నీ ఆమె ముందునుంచి మెల్లగా జారిపోయాయి. హీనెక్ కిటికీలోంచి సగం బయటికి వంగి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరిచాడు.

"పొయ్యి ఆపేశాను! బెంగపడకు!"

ఆమె చెయ్యి ఊపింది. వంటిల్లు మలుపు తిరిగేదాకా ఊపింది.

పిల్లి వదిలిన బల్ల మీద కూర్చుని ఇంటిచెప్పులు విప్పి, బూట్లు తొడుక్కుంది. తాళ్ళు కట్టుకోవడానికి కాస్త సమయం పట్టింది. పొట్లం విప్పి ఒక ముక్క తింది. ఆకలి మామూలుగా లేదు. స్టేషను మాస్టరు వచ్చి, "ఎక్కడికమ్మా?" అని అడిగాడు.

"ఏది ముందొస్తే అది," అంది వ్లాస్తా.

అతను టోపీ సర్దుకుని, ఇలాంటివాళ్ళు రోజూ వస్తారన్నట్టు, రెండో ప్లాట్‌ఫాం చూపించాడు.

పొద్దుగూకే వేళకి ఆమె రైలు సముద్రం పక్కనే పోతోంది. పక్క పట్టాల మీద ఎదురుగా ఏదో వస్తున్న చప్పుడైంది. వెలుగు చూసి ఆమె అద్దానికి ముఖం ఆనించింది. వస్తున్నది ఒక్కటే కిటికీ. గళ్ళ తెర, ఎడమ రెక్కకి దుప్పట్లు, నిలువు కొయ్య నిటారుగా. లోపల దీపం వెలుగుతోంది. ఆ వెలుగులో హీనెక్ కళ్ళజోడు పెట్టుకుని, ఆమె వదిలేసిన దుంపలు చెక్కుతున్నాడు. ఎప్పటిలాగే ఆ కిటికీ సాయంత్రానికి ఇంటికి తిరిగిపోతోంది. గుమ్మంలోకి ఎవరొచ్చినా ముందు కనబడేది ఆ దీపమే.

రెప్పపాటులో దాటిపోయింది. హీనెక్ తలెత్తాడో లేదో ఆమెకి తెలియలేదు.

వ్లాస్తా కూర్చుంది. సూట్‌కేసు ముందుకి లాక్కుని, దాని మీద కాళ్ళు పెట్టుకుంది. అరికాళ్ళ దురద లేదు.