గేటు దగ్గర బావ

మాస్టారు చేతిరుమాలుతో టీవీ మీద దుమ్ము తుడిచి, కిటికీ తెరలు దించి, రిమోట్ అందుకున్నాడు. నగరాలు, ప్రపంచీకరణ పాఠానికి ఆయన పుస్తకం తెరవడు, సినిమా వేస్తాడు. పిల్లలు కథలో పడేలోపు టక్కున ఆపేస్తాడు. "హీరో ఎక్కడికీ పోడు గానీ, వెనకాల ఎవరున్నారో చూడండి," అంటాడు. అందుకే పాజ్ మాస్టారని పేరు పడింది.

ఇవాళ మాత్రం ఆయన ప్రాణమంతా వరండా బెంచీ మీద ఉంది. అక్కడ బావ కూర్చున్నాడు.

బావంటే చనిపోయిన అక్క మొగుడు. బట్టల మిల్లులో నేతపని చేసి, మిల్లు మూతపడ్డాక ఈయన ఇంటికే చేరాడు. దూది దుమ్ము ఛాతీలో కాపురం పెట్టింది. నాలుగడుగులు వేస్తే దగ్గు. మూతపడబోయే రోజుల్లో ఆ మిల్లు గేటు దగ్గరే ఈ సినిమా తీశారు. బయటికొచ్చే జనంలో టిఫిను డబ్బా పట్టుకుని బావ ఒక్క క్షణం కనిపిస్తాడు. మాస్టారు ఏటా అక్కడ ఆపి పాఠం చెబుతాడు. ఆ మనిషి ఎవరో మాత్రం చెప్పడు.

"బొమ్మను చూపించి పాఠం చెప్తావు. మనిషిని పిలవడానికేం రోగం?" అని బావ దెప్పేవాడు.

"వచ్చే ఏడు చూద్దాంలే బావా."

"వచ్చే ఏటికి నేను బొమ్మగానే మిగులుతానోయ్."

ఆ మాటతో ఈసారి ఒప్పుకోక తప్పలేదు. బావ పొద్దున్నే గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, సంచీ పట్టుకుని బయల్దేరాడు. సంచీలో ఏముందని అడిగితే, "పిల్లలకు చూపిస్తాలే, నీకెందుకు," అన్నాడు. సినిమాలో గేటు రాగానే లోపలికి పిలుస్తానని మాస్టారు మాటిచ్చాడు.

గేటు వచ్చింది. ఆపాడు. సరిగ్గా అప్పుడే హెడ్మాస్టరు ఇద్దరు పై అధికారులను వెంటబెట్టుకొచ్చి వెనక నిలబడ్డాడు.

ముందు బెంచీ పిల్ల లేచింది. "డబ్బా పట్టుకున్నాయన సార్. మూతకి సొట్ట కూడా ఉంది. ఆయన తర్వాత ఏమయ్యాడు సార్?"

మాస్టారు గుమ్మం వైపు చూశాడు. బావ చొక్కా కాలరు చిరిగి ఉంది. దగ్గు ఆగడం లేదు. ఇంత పెద్దవాళ్ల ముందు ఈయన్ని మా వాడని ఎలా చెప్పడం? సిగ్గేసింది.

"తెలీదమ్మా," అన్నాడు. "అలాంటివాళ్లు ఎంతమందో."

వరండాలో అప్పటిదాకా వినిపిస్తున్న దగ్గు ఆగిపోయింది.

అధికారులను సాగనంపి వచ్చేసరికి బెంచీ ఖాళీగా ఉంది. సాయంత్రం దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కుంటూ ఇంటికి నడిచాడు. బావ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు, చొక్కా కూడా విప్పలేదు. "బావా, కోపమొచ్చిందా?" అని భుజం మీద చెయ్యి వేశాడు. ఒళ్లు చల్లబడి ఉంది.

'మా బావ' అనడానికి ఎంత ఊపిరి కావాలి? ఏ అధికారీ నోరు నొక్కలేదే. ఆ బాధే ఆయన్ని తినేసింది.

మళ్లీ బడికి వెళ్లిన రోజు ముందు బెంచీ పిల్ల బల్ల దగ్గరికొచ్చింది.

"ఈ డబ్బా ఆ రోజు వరండా బెంచీ కింద సంచీలో దొరికింది సార్. సినిమాలో ఆయనదే కదా? ఆయన మన బడికొచ్చారా?"

"వచ్చాడమ్మా," అన్నాడు మాస్టారు. "మా బావ."

ఆ పిల్ల డబ్బాను బల్ల మీద పెట్టి వెళ్లింది. బావ దాన్ని తళతళలాడేలా తోమాడు. మూత మీద సొట్ట మాత్రం అలాగే ఉంది.