ఒంటరిగా దిగినవాడు

పనిలో అందరూ అతన్ని తాళ్ల మేస్త్రి అనేవారు. ఫ్యాక్టరీ పొగగొట్టాలకు, నూనె ట్యాంకులకు, వంతెనల కింది దూలాలకు తాళ్లతో వేలాడుతూ, ఎక్కడ పగులిచ్చిందో, ఎక్కడ తుప్పు తినేసిందో చూసి రాయడం అతని పని. ఇరవై రెండేళ్లు అదే చేశాడు. చిన్న సుత్తితో కాంక్రీటు మీద తట్టి, శబ్దం విని, లోపల బోలుగా ఉందో గట్టిగా ఉందో చెప్పేసేవాడు. తర్వాత యంత్రం పెట్టి చూసినా అతను చెప్పిందే తేలేది. పెళ్లైన కొత్తలో భార్య, "నేల మీద నిలబడి చేసే ఉద్యోగం ఒక్కటీ దొరకలేదా మీకు?" అని అడిగితే, "నేల మీద జనం ఎక్కువ, పైన ఖాళీ" అన్నాడు. ఆమె నవ్వింది. కొన్నేళ్లకు తన తమ్ముణ్ణి కూడా ఆ పనిలోనే పెట్టమంది.

బామ్మర్ది అప్పటికి మూడు చోట్ల చేరి మూడు చోట్లా మానేసి ఉన్నాడు. చురుకైనవాడే గానీ గట్టిగా ఒక మాట అంటే నీరుగారిపోయే రకం. మేస్త్రి వాడికి ముడి వేయడం దగ్గర్నుంచి నేర్పాడు. మనిషికి రెండు తాళ్లు ఉండాలి. ఒకటి బరువు మోసేది, రెండోది మొదటిది తెగితే పట్టుకునేది. పైన పని జరుగుతున్నంతసేపూ మూడోవాడొకడు చేతులు ఖాళీగా పెట్టుకుని ఉండాలి, ఆపదొస్తే దింపడానికి.

"మూడోవాడు లేకపోతే తాడు ముట్టుకోకు. ఎవరు చెప్పినా సరే."

"పైవాడు చెప్పినా?"

"పైవాడికేం, ఆయనకి తాడు అక్కర్లేదు."

ఆరేళ్లు అలా కలిసి పనిచేశారు. ఒకే డబ్బాలో తిన్నారు, ఒకే బండి మీద తిరిగారు. ఊళ్లో చాలామంది వాళ్లిద్దరూ అన్నదమ్ములనే అనుకునేవారు.

ఆ రోజు పని ముప్పై అంతస్తుల ఎత్తున్న పాత పొగగొట్టం మీద. పొద్దున్నే ఇద్దరూ పైకెక్కి రెండు జతల తాళ్లు కట్టేశారు. తీరా చూస్తే మూడోవాడు లేడు. మేనేజర్ అతన్ని అప్పటికప్పుడు ఇంకో షెడ్డుకు పంపేశాడు. మేస్త్రి వాకీటాకీలో, మనిషి లేకుండా మొదలుపెట్టనని తెగేసి చెప్పాడు. సెలవులో ఉన్న ఇంకొక టెక్నీషియన్‌కి ఫోన్ చేసి రమ్మన్నాడు. వచ్చినతనికి పాసు లేదు. సంతకం పెట్టి లోపలికి తెచ్చుకోవడానికి మేస్త్రి వాకీటాకీ బామ్మర్ది చేతికిచ్చి, పైనే ఉండమని చెప్పి, కిందికి దిగి గేటుకు వెళ్లాడు. గార్డు రిజిస్టర్‌లో పేరు రాసుకుని, టైము తొమ్మిదీ నలభై వేసి, పాసు కోసం ఆఫీసుకు ఫోన్ చేస్తున్నాడు. మేస్త్రి తలెత్తి పొగగొట్టం వైపు చూశాడు.

బామ్మర్ది నారింజ రంగు హెల్మెట్ ఉండాల్సిన చోట లేదు. అంతకంటే బాగా కింద, గోడకు ఒకవైపు ఒరిగి, కదలకుండా వేలాడుతోంది.

గార్డు కొత్తతన్ని పాసు లేకుండా వదల్లేదు. మేస్త్రి ఒక్కడే పరిగెత్తాడు. నలభై ఆరేళ్ల వయసులో అన్ని మెట్ల నిచ్చెన ఎలా ఎక్కాడో తర్వాత ఎంత గుర్తు చేసుకున్నా గుర్తు రాలేదు. గుర్తున్నది ఒక్కటే లెక్క: స్పృహ లేని మనిషి బెల్టుల్లో వేలాడుతుంటే రక్తమంతా కాళ్లలోకి దిగిపోతుంది, గుండెకు అందదు, ఉన్నవి కొద్ది నిమిషాలే. పొద్దున తన కోసం కట్టుకున్న తాళ్లకే తగులుకుని దిగాడు. బామ్మర్ది పక్కకు చేరాడు. పైనుంచి ఊడిపడ్డ కాంక్రీటు పెచ్చు వాడి భుజాన్ని విరగ్గొట్టి, హెల్మెట్‌ని చీల్చేసింది. చిన్న పట్టీతో వాణ్ణి తన నడుముకు కట్టుకుని, వాడి బరువంతా తన మీదికి తీసుకుని, వాడి తాళ్లు విప్పేసి, ఇద్దరి బరువుతో మెల్లగా నేలకు దిగాడు. దారి పొడుగునా చెవిలో వాడి అక్క పిలిచే ముద్దుపేరు అంటూనే ఉన్నాడు. వాడు పలకలేదు.

ఆస్పత్రిలో డాక్టరు, ఇంకో ఐదు నిమిషాలు ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదని చెప్పాడు. భార్య వరండాలో అందరూ చూస్తుండగానే మొగుడి రెండు చేతులూ కళ్లకద్దుకుంది.

మర్నాడు బామ్మర్దికి మాట వచ్చింది.

"నువ్వు అటు వెళ్లగానే మేనేజర్‌గారు వాకీటాకీలో దిగమన్నారు బావా. మీ బావ వచ్చేలోగా ఒక పక్క అయిపోతుంది కదా అన్నారు. కాదనలేకపోయాను."

"సరేలే. ముందు కోలుకో" అన్నాడు మేస్త్రి.

మూడు వారాలకు విచారణ జరిగింది. పొడవాటి బల్ల, ఒక్కొక్కరి ముందు ఒక్కో నీళ్ల సీసా, వణికించే ఏసీ. బామ్మర్ది చేతికి కట్టుతో ఆ చివర కూర్చున్నాడు. పక్కనే మేనేజర్. తాళ్ల పనికి సర్టిఫికెట్లిచ్చే సంస్థ నుంచి వచ్చిన పెద్దమనిషి కాగితం తీసి గాయపడ్డవాడి వాంగ్మూలం చదివాడు. అందులో, "మా బావే నన్ను దిగమన్నాడు. నేను మొదలుపెట్టేలోగా వచ్చేస్తానని చెప్పి గేటుకు వెళ్లాడు" అని ఉంది.

మేస్త్రికి మొదట తాను సరిగా వినలేదేమో అనిపించింది. బామ్మర్ది వైపు చూశాడు. వాడు సీసా మూత తిప్పుతూ, బిగిస్తూ, మళ్లీ తిప్పుతూ ఉన్నాడు.

"మీరు చెప్పేదేమైనా ఉందా?" అన్నాడు పెద్దమనిషి.

"నేను దిగమనలేదు."

"వాకీటాకీలో ఎవరైనా చెప్పారా?"

మేనేజర్ తల అడ్డంగా ఊపాడు. బామ్మర్ది సీసా మూత బిగించి పక్కన పెట్టాడు. చివరికి, "లేదు సార్" అన్నాడు.

"తర్వాత ఇతన్ని దించడానికి మీరు ఒంటరిగా దిగారు. అది నిబంధనలకు విరుద్ధమని మీకు తెలుసా?"

"తెలుసు. ఆరేళ్లుగా ఆ నిబంధన వీడికి నేర్పింది నేనే."

ఆ జవాబు పొగరుగా ఉందని తర్వాత ఎవరో అన్నారట. రెండు తప్పులూ అతని ఖాతాలోనే పడ్డాయి. సర్టిఫికెట్ రద్దు చేశారు. అభ్యంతరం ఉంటే నెలలోగా రాసుకోవచ్చన్నారు. ఆ వారంలోనే బామ్మర్దిని సైట్ సూపర్‌వైజర్ చేశారు.

మేస్త్రి గేటుకు వెళ్లి గార్డుని అడిగాడు. గార్డు మంచివాడు. అటూ ఇటూ చూసి రిజిస్టర్ తెరిచి ఫోటో తీసుకోనిచ్చాడు. తొమ్మిదీ నలభైకి మేస్త్రి గేటు దగ్గరున్నాడని, మూడో మనిషి కోసమే వచ్చాడని అందులో స్పష్టంగా ఉంది. మొదలుపెట్టమని చెప్పినవాడు మూడోవాడి కోసం గేటుకెందుకు పరిగెడతాడు? అది చాలు.

ఇంటికొచ్చి ఆ ఫోటో భార్యకు చూపించాడు. ఆమె చాలాసేపు చూసింది.

"పంపిస్తే ఏమవుతుంది?"

"వాడు అబద్ధం చెప్పాడని తేలుతుంది."

"వాడి ఉద్యోగం పోతుందా?"

"పోతుంది. మేనేజర్‌ది కూడా."

ఆమె ఫోన్ బల్ల మీద పెట్టింది. "వాడి కుడిచెయ్యి భుజం దాకా కూడా లేవడం లేదండీ. ఇంక ఎక్కలేడు. ఈ కూర్చునే ఉద్యోగం కూడా పోతే వాణ్ణి ఎవరు తీసుకుంటారు?"

"మరి నేను?"

"మీరు ఏ పనైనా చేయగలరు."

ఇన్నేళ్ల కాపురంలో ఆమె అతన్ని మెచ్చుకున్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ మెప్పు ఇలాంటి రోజున వస్తుందని అతను అనుకోలేదు. ఆమె ఏడవలేదు, బతిమాలలేదు. అలా చేసి ఉంటే కోప్పడి ఫోటో పంపేసేవాడేమో. నెల గడిచిపోయింది. పంపలేదు. ఎందుకు పంపలేదని అడిగితే భార్య కోసమని చెప్పేవాడు గానీ, అది పూర్తిగా నిజం కాదు. చావు దగ్గర్నుంచి మోసుకొచ్చిన మనిషిని మళ్లీ తన చేతులతోనే కిందికి తోయడం అతనికి చేతకాలేదు. ఆ చేతకానితనం మీద అతనికి అసహ్యం వేసేది.

లిఫ్టులు రిపేరు చేసే కంపెనీలో హెల్పర్‌గా చేరాడు. లిఫ్టు గుంత అడుగున కూర్చుని గ్రీజు పూయడం, నీళ్లు తోడటం. పైకి చూస్తే చీకటి, దాని చివర చదరపు వెలుగు. తనకంటే పదిహేనేళ్లు చిన్నవాడైన మెకానిక్ "ఏయ్, స్పానర్" అనేవాడు. అందించేవాడు.

ఎనిమిది నెలల తర్వాత ఒక మధ్యాహ్నం, గుంతలో ఉండగా బామ్మర్ది ఫోన్ చేశాడు.

"బావా, ఒక్క నిమిషం. గుమ్మటం కప్పున్న ట్యాంకు. తాళ్లు ఎక్కడ కట్టాలో అర్థం కావడం లేదు. రేపు కొత్తవాళ్లిద్దరు దిగాలి."

మేస్త్రి గ్రీజు చేతిని గుడ్డకు తుడుచుకున్నాడు.

"బావా, ఉన్నావా?"

"నువ్వు పైకెక్కి చూశావా?"

"ఎక్కలేను బావా. నాలుగు మెట్లు ఎక్కేసరికి కళ్లు తిరుగుతున్నాయి. ఎవరికీ చెప్పలేదు."

మేస్త్రికి జాలి కలగలేదు, సంతోషమూ కలగలేదు. ఆ కొత్తవాళ్లిద్దరూ ఎవరో తనకు తెలియదు, వాళ్ల ఇళ్లలో ఎవరున్నారో తెలియదు. ట్యాంకు కొలతలు అడిగాడు. కప్పు మీద రెయిలింగ్‌ని నమ్మొద్దని, నడిమి స్తంభానికే కట్టమని, అంచు మీద తాడు రాసుకునే చోట మెత్త వేయమని, ఒక్కొక్కటే చెప్పాడు. ఇరవై నిమిషాలు పట్టింది. బామ్మర్ది అన్నీ రాసుకుని, "నాకు నువ్వు చెప్పావని ఎక్కడా అనకు బావా" అని పెట్టేశాడు.

పని సవ్యంగా జరిగింది. మేనేజర్ బామ్మర్దిని అందరి ముందూ మెచ్చుకున్నాడని భార్య చెబితే తెలిసింది. ఆదివారం వాడు పళ్ల సంచితో ఇంటికొచ్చాడు. విచారణ తర్వాత రావడం అదే మొదలు. అక్క హడావిడిగా ఇద్దరికీ పక్కపక్కనే వడ్డించింది. వాడు ఎడమచేత్తో తినడం అలవాటు చేసుకున్నాడు. సగం తిన్నాక తల దించుకునే, "బావా, ఆ రోజు విచారణలో నేను..." అన్నాడు.

"అన్నం దగ్గర వద్దు" అన్నాడు మేస్త్రి.

తినడం అయ్యాక వాడు హాల్లో కుర్చీ అంచు మీద కూర్చుని ఎదురు చూశాడు. మేస్త్రి చెయ్యి కడుక్కుని, చొక్కా వేసుకుని, చెప్పులు తొడుక్కున్నాడు.

"ఎక్కడికండీ, ఆదివారం కదా?" అంది భార్య.

"పనుంది" అని చెప్పి, ఏ పనీ లేని రోడ్డు మీదికి వెళ్లిపోయాడు.