టర్కీ వీరుడి మ్యాట్నీ

దైవాశీర్వాదం కార్బన్ కడ్డీల కొసలు ఒకదానికొకటి తాకించి చటుక్కున వెనక్కి లాగాడు. ప్రొజెక్టర్ పెట్టెలో తెల్లటి మంట లేచి నిలబడింది. నల్ల అద్దంలోంచి దాన్ని చూసి తృప్తిగా తల పంకించాడు. పొట్టి మనిషి, మెడ లావు. ఎడమ ముంజేతిమీద కాలిన మచ్చలున్నాయి. కొన్ని గుడివాడ హాల్లో పడ్డవి, కొన్ని డెట్రాయిట్ పక్కనున్న ఈ పాత హాల్లో.

నర్సు ఉద్యోగం మీద భార్య విమలకుమారి ముందు అమెరికా వచ్చింది. తర్వాత అతనొచ్చాడు. ఇక్కడేం చేస్తావని అడిగినవాళ్లందరికీ ఒకటే చెప్పాడు, "అక్కడ చేసిందే. బొమ్మేస్తా." నవ్వినవాళ్లు నవ్వారు. నెల తిరక్కుండా ఈ హాలుకు ఆపరేటరయ్యాడు.

వారమంతా అమెరికా సినిమాలు. ఆదివారం మధ్యాహ్నాలు హాలు అద్దెకిస్తారు. ఒక వారం తెలుగువాళ్లు, ఒక వారం అరబ్బులు. ఎనభై ఒకటి అక్టోబరులో ఒక ఆదివారం టర్కీవాళ్ల వంతు. కార్ల ఫ్యాక్టరీలో వెల్డింగ్ చేసే ఓర్హాన్ ఫిల్ము డబ్బాలు తెచ్చాడు. పూర్వం కోటల మీద కోటలు గెలిచి గాజీ అని పేరుపడ్డ ఒక వీరుడి కథట. వాళ్ల దేశంలో అవ్వలు పిల్లలకు చెప్పే కథట.

మొదటి రీలు ఎక్కిస్తుండగా మెట్ల మీద బూట్ల చప్పుడైంది. సంఘపెద్ద సుందర్ రాజ్ వచ్చాడు. అతని వెనక, డ్యూటీ నుంచి అటే వచ్చిన విమలకుమారి తెల్ల యూనిఫాంలో నిలబడింది. తెలుగు క్రైస్తవ సంఘం ప్రార్థనకు కూడుకునేది సుందర్ రాజ్ ఇంటి బేస్‌మెంట్‌లోనే.

"వందనాలు బ్రదర్. బయట పోస్టర్ చూశాను. శిలువ వేసుకున్నవాళ్లని నరుకుతున్నాడు వాడు. మీరు మన సంఘంలో మనిషి. ఈ షో క్యాన్సిల్ చేయమనండి. లేదంటే ఇంకెవరినైనా అరేంజ్ చేసుకోమనండి."

"టైమైపోయిందండీ. జనం కూర్చున్నారు."

"అయితే నేను పాస్టర్ గారితో డిస్కస్ చేయాల్సి వస్తుంది."

విమలకుమారి భర్త వంక చూసింది. ఊరుగాని ఊరులో వాళ్లకున్న బలగమంతా ఆ బేస్‌మెంటే. దైవాశీర్వాదం ఫిల్మును పళ్లచక్రాల మీద సర్ది, మూత వేసి, అప్పుడు తిరిగాడు.

"గుడివాడలో రాముడి సినిమా వేశానండీ. దేవుడు కనపడగానే జనం కర్పూరం వెలిగించి హారతులిచ్చేవాళ్లు. నా జేబులో కొత్త నిబంధన ఉండేది. దానికీ నాకూ ఏ తగువూ రాలేదు. వచ్చినవాళ్లకి మసక లేకుండా చూపించడం నా పని. అది దేవుడిచ్చిందే అనుకుంటన్నా. కింద కూర్చుని చూడండి. అప్పటికీ తప్పనిపిస్తే పాస్టర్ గారి దగ్గరికి నేనే వస్తా."

ఆ గొంతులో కోపం లేదు, బతిమాలుకోవడమూ లేదు. సుందర్ రాజ్ మెట్లు దిగాడు. విమలకుమారి ఒక్క క్షణం ఆగింది. "మీరేయండి," అని తనూ దిగింది.

హాలంతా మీసాల మగవాళ్లు, తలగుడ్డల ఆడవాళ్లు, పొద్దుతిరుగుడు గింజల పొట్టు. గాజీ గుర్రం మీద వచ్చాడు. కోటగోడ మీదికి ఒక్క దూకు దూకాడు. కింద అతన్ని ఎగరేసిన స్ప్రింగు బల్ల అంచు తెరమీద కనపడనే కనపడింది. ఎవరికి పట్టింది? ఈలలతో హాలు అదిరిపోయింది. దైవాశీర్వాదానికి టర్కీ భాష ఒక్క ముక్క రాదు. అయినా తండ్రిని చంపినవాడెవడో, చెర విడిపించవలసిన పిల్లెవరో అన్నీ తెలిసిపోతున్నాయి.

సరిగ్గా గాజీని గొలుసులతో కట్టేసినప్పుడు ఫిల్ము తెగింది.

తెర తెల్లబడింది. కేకలు, కాళ్లతో నేలను తన్నడం. దైవాశీర్వాదం మొహం విచ్చుకుంది. అచ్చం గుడివాడే! ఓర్హాన్ వగరుస్తూ పైకొచ్చాడు. "ఈ ప్రింటు షికాగో వాళ్లది. నా కొంప మునిగింది!" అన్నాడు ఇంగ్లీషులో.

"నో ప్రాబ్లం. గో, సిట్," అన్నాడు దైవాశీర్వాదం.

చిరిగిన అంచులు కత్తిరించాడు. బ్లేడుతో గీకి, జిగురు రాసి, బొటనవేలితో అదిమి ఊపిరి బిగబట్టాడు. ఎడమ భుజం లాగింది. చలి గాలి అనుకుని ఓసారి విదిలించాడు. కింద కాళ్లు అలిసిపోకముందే గాజీ గొలుసులు తెంచుకున్నాడు. హాలు లేచి నిలబడింది.

చిన్న కిటికీలోంచి చూశాడు. చివరి వరసలో సుందర్ రాజ్ సీటు అంచుకు వచ్చేశాడు. తెరమీద గాజీ మనుషులు ఒక ముసలి క్రైస్తవ సన్యాసిని చుట్టుముట్టారు. గాజీ తన వాళ్లకే ఎదురు నిలిచి, ముసలాయన మీద తన దుప్పటి కప్పాడు. సుందర్ రాజ్ చప్పట్లు కొట్టాడు. వెంటనే అటూ ఇటూ చూశాడు.

ఆట వదిలాక ఆయనే పైకొచ్చాడు. "బ్రదర్, ఆ ముసలాయన్ని కాపాడాడు చూశారా!"

"చూశానండీ. మీ చప్పట్లు కూడా చూశా."

సుందర్ రాజ్ సిగ్గుపడి నవ్వేశాడు. "వచ్చే ఆదివారం ప్రార్థన మీరే చేయాలి. నో ఎక్స్‌క్యూజెస్," అని వెళ్లిపోయాడు.

తర్వాత ఓర్హాన్ తన తల్లిని చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాడు. ఆమె థర్మాస్‌లోంచి చిన్న గాజు గ్లాసులోకి టీ వంచి, సాసరులో పంచదార బిళ్ల పెట్టి, బల్ల మీద ఉంచింది. అతని కాలిన చేతిని రెండు చేతులా పట్టుకుని ఏదో అంది.

"నీ చెయ్యి చల్లగుండాలి అంటోంది," అన్నాడు ఓర్హాన్.

దైవాశీర్వాదం ఆ పెద్దావిడకు దణ్ణం పెట్టాడు.

వాళ్లు దిగాక విమలకుమారి పైకొచ్చి అంది, "నేనెళ్లి కారు స్టార్ట్ చేస్తానండీ, వేడెక్కుతుంది. టీ తాగి రండి."

"ఈ ఒక్క రీలు వెనక్కి తిరగేసి వస్తా. ఏం విమలా, బొమ్మ బాగుందా?"

"అద్దంలా ఉంది."

కారు వేడెక్కింది. పార్కింగ్ లాట్ ఖాళీ అయింది. సాయంత్రపు ఎండ మేపుల్ చెట్ల కొసలకెక్కింది. అతను రాలేదు. ఆమె మళ్లీ పైకెళ్లింది.

దైవాశీర్వాదం కుర్చీలో గోడకానుకుని ఉన్నాడు, తల కిటికీ వైపు వాలి ఉంది. తిరగేయడం అయిపోయి, ఫిల్ము కొస టపటపా కొట్టుకుంటోంది. విమలకుమారి అతని మణికట్టు మీద వేళ్లు పెట్టింది. నర్సుకు అవసరమైన దానికన్నా చాలాసేపు అలాగే ఉంచింది. తర్వాత మోటారు ఆపింది.

బల్ల మీద టీ చల్లారిపోయింది. సాసరులో పంచదార బిళ్ల మాత్రం అంచు కూడా తడవకుండా అలాగే ఉంది.