అమ్మవారు ఎవరికి పోసింది

రూపకు అమ్మవారు పోసిందని తెలిసిన పొద్దుటే సావిత్రమ్మ ఆ గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. ఆ మగ్గాలింట్లో ఆనవాయితీ అది. అంతకుముందు అమ్మవారు పోసినవాళ్ళే పిల్ల దగ్గర కూర్చోవాలి. సావిత్రమ్మ కనుబొమ్మ మీద ఆ మచ్చ ఉంది. ఆమె తోటికోడలు ఆండాళు ఒంటి మీద చుక్కయినా లేదు.

కానీ రూప ఆండాళు సొంత మనవరాలు. కోడలు పురిటికి పుట్టింటికి వెళ్ళింది. కొడుకు చౌటుప్పల్ కంపెనీలో షిఫ్టులో ఉన్నాడు. ఐదేళ్ళ పిల్లకు వేపకొమ్మతో విసిరే భాగ్యం పెద్ద తోటికోడలిదైంది. గదిలోంచి నవ్వు వినబడినప్పుడల్లా నూలు కండెలు చుడుతున్న ఆండాళు చేయి ఆగిపోయేది.

"జరమొచ్చిన పిల్లకు గింత నవ్వు దేనికక్కా?" అంది బయటినుంచి.

"నీ మనుమరాలే నన్ను నవ్విస్తాంది," అంది సావిత్రమ్మ.

మరునాడు ఆండాళు తనూ లోపలికి పోవచ్చేమో అడగమని పట్టుబట్టి, తనకు మందులిచ్చే డాక్టరమ్మకు ఫోన్ చేయించింది. ఆండాళు కీళ్ళనొప్పులకు వాడే గోళీలు రోగాన్ని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయని, రక్తపరీక్ష కాకుండా పిల్ల దగ్గరికి పోవద్దని ఆమె చెప్పింది. అమ్మవారు ఎప్పుడో తెలియకుండా వచ్చిపోయి ఉంటే, ఆ రోగాన్ని ఎదిరించిన యాంటీబాడీలు రక్తంలో ఉంటాయట.

రక్తం తీసుకోవడానికి ల్యాబు కుర్రాడు నవీన్ ఇంటికే వచ్చాడు.

"మా అక్కకు గూడ తియ్యి బిడ్డా. సూది నాకొక్కదానికేనా?" అంది ఆండాళు.

సావిత్రమ్మ నవ్వి చేయి చాపింది.

మూడోనాడు ఫలితం వచ్చింది. ఆండాళు రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయి. సావిత్రమ్మ రక్తంలో లేవు.

సావిత్రమ్మ కనుబొమ్మ తడుముకుంది. "చిన్నప్పుడు మగ్గం మీద పోగుతోటి ఉరికే నాడె ఎగిరి తగిలిందని మా అమ్మ అంటుండె. అత్త చూసి అమ్మవారన్నది. అత్త మాటే నిజమనుకున్న."

డాక్టరమ్మ చెప్పినట్టు ఆ పూటే టీకా వేయించుకొచ్చి, సావిత్రమ్మ అవతలి గదిలో కండెల ముందు కూర్చుంది.

ఆండాళు గెలిచినదానిలా పెరుగన్నం గిన్నెతో పిల్ల దగ్గరికి చేరింది.

"పెద్దవ్వ పెడ్తనే తింట," అంది రూప.

"నా చేతికి ముండ్లున్నయా?"

పిల్ల గోడవైపు తిరిగింది. నోట్లోనూ పొక్కులు. పొద్దుటినుంచీ నీళ్ళు కూడా సరిగా తాగలేదు. ఆండాళు గడప దగ్గరికి వచ్చి నిలబడింది.

"అక్కా, నువ్వెట్ల తినిపించినవ్?"

అవతలి గదిలో కండె చుడుతున్న సావిత్రమ్మ చేయి ఆగింది. ఆ ఆగడం ఏమిటో ఆండాళుకు బాగా తెలుసు. మూడు రోజులుగా తన చేయీ అలాగే ఆగుతోంది.

"ముద్దకొక పేరు పెట్టాలె," అంది చివరికి సావిత్రమ్మ. "నాయినది, అమ్మది, అమ్మ కడుపుల పాపది. ఆఖరుది నీది. అది తినకుంటే అవ్వ అలుగుతదని చెప్పిన."

"నేను అలుగుతనా?"

"అలగవా మరి."

ఆండాళు తిరిగి వచ్చి పిల్ల పక్కన కూర్చుంది. రూప ఒక్కో పేరూ అడిగి మరీ తింది.

"ఇది ఎవలది?" అంది గిన్నె అడుగున మిగిలినదాన్ని చూపించి.

ఆండాళు ఆఖరి ముద్దను కొంచెం చిన్నదిగా చేసి, "పెద్దవ్వది" అంది.